పాతిపెట్టకముందే రాయండి

అరకులోయ, డుంబ్రిగుడ, అనంతగిరి, హుకుంపేట, పెదబయలు, ముంచంగిపుట్టు మండలాల్లో కాపురముంటున్నవారికీ, అక్కడ ప్రభుత్వ జీతం తీసుకుంటున్నవారికీ ఇది హెచ్చరిక. ఇంట్లో బిడ్డ ఉన్నట్టుండి చనిపోయినా, ఒంటిమీద కమిలిన గుర్తులో వాతలో కనిపించినా, ముందురోజు రాత్రి ఆ ఇంట్లో కొట్లాట జరిగిందని చెవినపడినా ఆ కబురు వెంటనే పోలీస్‌ స్టేషన్‌కు చేరాలి. సంతకు దిగినప్పుడు చెబుదాం, నర్సమ్మ ఊళ్లోకి వచ్చినప్పుడు చూద్దాం అనుకోవద్దు. గుంత తవ్వకముందే చేరాలి.

ఇంత తొందర ఎందుకంటే, కొండల్లో పసిపిల్లల దేహాన్ని ఇంట్లో ఉంచుకోరు. పొద్దున పోతే మధ్యాహ్నానికి, మధ్యాహ్నం పోతే చీకటి పడేలోపు మట్టి చేసేస్తారు. మైదానంలోనూ చిన్నపిల్లల్ని కాల్చరు, పాతిపెడతారు. ఆచారంలో తప్పేమీ లేదు. కానీ ఆ తొందర తప్పు చేసినవాడికి కూడా పనికొస్తుంది. జ్వరమొచ్చింది, ఫిట్స్ వచ్చాయి, గాలి సోకింది, అటక మీంచి పడ్డాడు, గెడ్డలో జారాడు... వీటిలో ఏ మాట చెప్పినా ఊరు ఒప్పుకుంటుంది. నిజానికి మన్యంలో పిల్లలు ఎక్కువగా పోయేది జబ్బులతోనే. అందుకే ఇక్కడ అబద్ధం ఇట్టే కలిసిపోతుంది. పదిమంది పిల్లలు నిజంగానే జ్వరంతో పోయిన చోట, పదకొండోవాణ్ని గోడకేసి కొట్టి జ్వరమని చెబితే అనుమానపడేదెవరు?

చట్టం ఈ సంగతి ఏనాడో ఆలోచించింది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహితలో 34వ సెక్షన్ చదవండి. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఇది 40వ సెక్షన్. ఊరి వ్యవహారాలు చూసే ప్రతి ఉద్యోగీ, ఊళ్లో నివసించే ప్రతి మనిషీ కూడా, ఆ ఊళ్లో గాని దగ్గరలో గాని జరిగిన ఆకస్మిక మరణం, అసహజ మరణం, అనుమానాస్పద మరణం గురించి తనకు తెలిసింది దగ్గరి మేజిస్ట్రేట్‌కో పోలీస్‌ స్టేషన్‌కో వెంటనే చెప్పాలి. నేరమని తేల్చి చెప్పమని చట్టం అడగలేదు. ఎవరు చేశారో చెప్పమనలేదు. మరణం ఆకస్మికంగా జరిగిందన్న ఒక్క ముక్క చాలు. ఆ తర్వాత 194వ సెక్షన్ కింద శవ పంచాయతీ చేయడం, అవసరమైతే పోస్టుమార్టానికి పంపడం, 24 గంటల్లో నివేదికను పై మేజిస్ట్రేట్‌కు పంపడం పోలీసుల పని. సర్పంచి, పంచాయతీ కార్యదర్శి, వార్డు సభ్యుడు, ఆశ, అంగన్‌వాడీ కార్యకర్త, ఆశ్రమ పాఠశాల మాస్టారు, పక్కింటి ముసలమ్మ... ఈ బాధ్యత వీళ్లందరిదీ. మాకెందుకులే అనే వెసులుబాటు వీరిలో ఎవరికీ లేదు. ఈ సెక్షన్ గురించి కొండమీది గ్రామసభలో ఎవరైనా చదివి వినిపించారా అని అధికారులు తమను తాము అడగాలి.

జనన మరణాల నమోదు చట్టంలో మాత్రం ఒక పెద్ద కంత ఉంది. 1969 నాటి ఆ చట్టం 8వ సెక్షన్ ప్రకారం ఇంట్లో జరిగిన మరణాన్ని తెలియజేయాల్సింది ఇంటి యజమాని. ఆయన లేకపోతే ఆ ఇంట్లోనే ఉన్న దగ్గరి బంధువు. గడువు 21 రోజులు. మరణ నివేదిక ఫారంలో కారణం రాసే గడి ఉంటుంది, వైద్యుడు ధ్రువీకరించాడా లేదా అన్న ప్రశ్నా ఉంటుంది. ఆసుపత్రిలో పోతే డాక్టరు రాస్తాడు. ఇంట్లో పోతే ఇంటాయన చెప్పిందే కారణం. బిడ్డను కొట్టి చంపినవాడు ఆ ఇంటాయనే అయితే? హత్యకు కారణం రాసే కలాన్ని హంతకుడి చేతికే ఇచ్చినట్టయింది. శ్మశానం చూసుకునేవాడు కూడా మరణాల సంగతి తెలియజేయాలని అదే చట్టం 10వ సెక్షన్ అంటోంది. ఇరవై గడపల గూడెంలో శ్మశానానికి కాపలా ఎవరుంటారు? గట్టు వెనక చెట్టు కిందే కదా పాతేది. పైగా మన్యంలో చిన్నపిల్లల చావుల్లో చాలా వాటికి ఈ ఫారం దాకా వచ్చే అవసరమే పడదు. భూమి మార్పిడికో పింఛనుకో బీమాకో మరణ ధ్రువపత్రం కావాలి. మూడేళ్ల పాప పేరున ఏముంటుంది?

మరి ఆశ కార్యకర్త రాయదా అంటే, రాస్తుంది. జాతీయ ఆరోగ్య మిషన్ 2014లో శిశు మరణాల సమీక్షకు మార్గదర్శకాలు ఇచ్చింది. అయిదేళ్లలోపు బిడ్డ పోతే ఆశ కబురు చేయాలి, ఏఎన్ఎం వెళ్లి ప్రాథమిక విచారణ చేయాలి, ఎంచుకున్న మరణాలపై ఇంటివాళ్లను కూర్చోబెట్టి ప్రశ్నావళితో కారణం రాబట్టాలి, జిల్లా స్థాయిలో కలెక్టరు సమీక్షించాలి. మంచి ఏర్పాటే. కానీ దాని చూపంతా జబ్బు మీద. ఎన్ని రోజులు జ్వరం, ఎప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్లారు, 108 వచ్చిందా, రోడ్డు ఉందా అన్నవే ముఖ్యం. అవీ కావాలి. అయితే ప్రశ్నకు జవాబిచ్చేది మళ్లీ ఆ ఇంటివాళ్లే. గదిలో అత్త, మామ, భర్త వరసగా కూర్చుని ఉండగా తల్లి నోరు విప్పుతుందా? ఇంకో చిక్కుంది. ప్రశ్నావళి ఒక భాషలో, ఇంటిమాట ఇంకో భాషలో. కువి మాట్లాడే కోదు తల్లి చెప్పింది ఆదివాసీ ఒడియాలోకి, అక్కడినుంచి తెలుగులోకి మారేసరికి, మధ్యలో దుబాసీగా నిలబడింది భర్త తమ్ముడే అయితే, కాగితం మీదికి ఏం వస్తుంది? ఇక అయిదేళ్లు నిండిన పిల్లల చావుకు ఈ మాత్రం సమీక్ష కూడా లేదు. అయిదు నుంచి పద్దెనిమిది దాకా పిల్లలు ఆరోగ్య శాఖ లెక్క దాటిపోతారు, పోలీసు లెక్కలోకి రారు.

పోలీసు లెక్కల సంగతీ చూద్దాం. జాతీయ నేర రికార్డుల బ్యూరో ఏటా వేసే పుస్తకంలో పిల్లల హత్యల సంఖ్య ఉంటుంది, శిశుహత్యలకు వేరే పట్టిక ఉంటుంది, హత్యలకు కారణాల్లో కుటుంబ తగాదాలు, మూఢనమ్మకం వంటి గడులుంటాయి. అత్యాచారం కేసుల్లోనైతే నిందితుడు బాధితురాలికి ఏమవుతాడో చెప్పే పట్టిక కూడా వేస్తారు. పిల్లల హత్యకు ఆ పని చేయరు. తండ్రా, తల్లా, మారుతండ్రా, మేనమామా అన్నది ఎఫ్ఐఆర్‌లో ఉంటుంది గాని దేశం లెక్కలోకి ఎక్కదు. పైగా అదే బ్యూరో వేసే ప్రమాద, ఆత్మహత్య మరణాల పుస్తకంలో సామూహిక, కుటుంబ ఆత్మహత్యలని ఒక పట్టిక ఉంది. తల్లో తండ్రో పిల్లల్ని చంపి తాము చచ్చిపోతే, పత్రికల్లో అది కుటుంబం ఆత్మహత్య అవుతుంది. ఒకటో తరగతి పిల్లాడు ఆత్మహత్య చేసుకున్నాడా? 2025లో నెలా పదిరోజుల లోపే మూడు వార్తలు చదివాం. మార్చి 10న హైదరాబాద్ హబ్సిగూడలో చదువుకున్న దంపతులు ఇద్దరు పిల్లల్ని చంపి తామూ చనిపోయారు. మార్చి 14న కాకినాడలో ఒక తండ్రి చదువులో వెనకబడ్డారని ఇద్దరు చిన్న కొడుకుల్ని చంపి తాను ప్రాణం తీసుకున్నాడు. ఏప్రిల్ 17న గాజులరామారంలో ఒక తల్లి ఇద్దరు కొడుకుల్ని చంపి తానూ చనిపోయింది. ఆరుగురు పిల్లలు. ఆరూ హత్యలే. నిందితులు బతికి లేరు కాబట్టి విచారణ ఉండదు, తీర్పు ఉండదు. ఆ పిల్లలకు జరిగింది హత్య అని పట్టికలో విడిగా రాయకపోతే ఇక ఎప్పటికీ ఎక్కడా ఉండదు.

ఈ మూడింటినీ ఇక్కడ కావాలనే చెబుతున్నాను. కొండవాళ్లు పిల్లల్ని చంపుకుంటారు, మూఢులు, తాగుబోతులు అని ముక్కున వేలేసుకునే మైదానపు పాఠకుడు ఉంటాడు. అతనికి కాకినాడ, హబ్సిగూడ గుర్తుచేయాలి. తెలంగాణలోని సూర్యాపేట జిల్లాలో 2021లో ఒక తల్లి దోష నివారణ పేరుతో ఏడు నెలల కూతుర్ని బలి ఇచ్చింది. 2025 ఏప్రిల్‌లో అక్కడి కోర్టు మరణశిక్ష వేసింది. ఇవేవీ మన్యంలో జరిగినవి కావు. నా దృష్టిలో మన్యంలో హింస ఎక్కువా తక్కువా అన్నది అసలు ప్రశ్నే కాదు. హబ్సిగూడలో పిల్లాడు పోతే గంటలో పోలీసులొస్తారు, ఉస్మానియాలోనో గాంధీలోనో పోస్టుమార్టం అవుతుంది, మర్నాడు పేపర్లో వస్తుంది. ముంచంగిపుట్టు లోపలి ఊళ్లో ఆ మూడూ జరగవు. తేడా అక్కడుంది.

తూర్పు కనుమలకు ఈ విషయంలో ఒక పాత గాయం కూడా ఉంది. దాన్ని దాటి మాట్లాడితే అన్యాయం. 1836-37లో గుంసూరు యుద్ధంలో కొండల్లోకి వచ్చిన ఈస్టిండియా కంపెనీ అధికారులు కోదుల మెరియా నరబలి గురించి, కొన్ని తెగల్లో ఆడశిశువుల హత్య గురించి నివేదికలు రాశారు. 1845లో దానికోసమే ఒక చట్టం తెచ్చారు, మెరియా ఏజెన్సీ పెట్టారు. మెక్‌ఫర్సన్, క్యాంప్‌బెల్ అనే సైనికాధికారులు ఊళ్లమీద ఊళ్లు తిరిగారు. క్యాంప్‌బెల్ ఆ అనుభవాలను 1864లో పుస్తకంగా వేసుకున్నాడు. బలి ఇవ్వబోయిన మనుషుల్ని విడిపించారు, నిజమే. కానీ అదే పేరు చెప్పి ఊళ్లు తగలబెట్టారు, కొండను లొంగదీసుకున్నారు. పిల్లల ప్రాణాల లెక్క పాలకుడి చేతిలో కొరడా ఎలా అవుతుందో ఈ కొండలకు తెలుసు. అందుకే కొండవాళ్లు నోట్‌బుక్కు పట్టుకొచ్చే అధికారిని చూస్తే నోరు మూసుకుంటారు. ఈసారి రాసేవాళ్లలో కొండవాళ్లే ఉండాలి. కోదు, గదబ, పోర్జ, బగత, వాల్మీకి, కొండదొర, కోటియా కుటుంబాల్లోంచి వచ్చిన చదువుకున్న ఆడపిల్లలు ఇప్పుడు సచివాలయాల్లో, పీహెచ్‌సీల్లో, బడుల్లో ఉన్నారు. కలం వాళ్ల చేతిలో ఉండాలి.

సరిగ్గా రాయడం నిర్దోషిని కూడా కాపాడుతుంది. పెదబయలు మండలం రూడకోట పేరు ఈ ప్రాంతంలో తెలియనివారు లేరు. అక్కడ నెలల పిల్లలు వరసగా చనిపోతున్నారని 2022 ప్రాంతంలో గగ్గోలు లేచింది. పాలు తాగిన బిడ్డ గుక్కపట్టి ఏడ్చి, గంటల్లో పోయేది. వైద్య బృందాలు వెళ్లాయి, తాగునీటి నమూనాలు తీశారు, తల్లుల తిండి గురించి, విటమిన్ లోపాల గురించి చర్చ జరిగింది. ఆ ఊళ్లో మొదటి బిడ్డ పోయినప్పుడే దేహాన్ని పరీక్షించి, కారణం రాసి ఉంటే ఎంత తేడా ఉండేది! ఇవి ఇంటి హింస మరణాలు కావు. అయినా ఇక్కడ ఎత్తడానికి కారణముంది: ఒకే ఇంట్లో వరసగా ఇద్దరు పిల్లలు పోతే ఊరు తల్లినే అనుమానిస్తుంది. శకునం మంచిది కాదంటుంది, చిల్లంగి అంటుంది. కొన్నిసార్లు ఆమెను కొట్టి తరిమేస్తుంది. దేహం మీద దెబ్బల్లేవు, బిడ్డ విటమిన్ లోపంతో పోయింది అని ఒక డాక్టరు రాసిన కాగితం ఆ తల్లికి రక్ష.

వాతల సంగతి మరీ చిక్కు. బిడ్డకు ఆయాసమొస్తే, కడుపు ఉబ్బితే, కాల్చిన ఇనప చువ్వతోనో సూదితోనో పొట్టమీద చురకలు పెట్టడం తూర్పు కనుమల్లో, మధ్య భారతంలో చాలాచోట్ల ఉంది. 2023 ఫిబ్రవరిలో మధ్యప్రదేశ్ శహడోల్ జిల్లాలో న్యుమోనియా వచ్చిన మూడు నెలల పాపకు 51 వాతలు పెట్టారు. పాప చనిపోయింది. మన పొరుగునే ఒడిశా నబరంగ్‌పుర్ జిల్లాలో 2025లో నెల బిడ్డ ఒంటిమీద 40 దాకా వాతలతో ఆసుపత్రికి వచ్చాడు. అక్కడ తల్లిదండ్రులకు బిడ్డమీద పగ లేదు, ప్రేమ ఉంది. దగ్గర్లో డాక్టరు లేడు, నాటువైద్యం చేసే దిసారి ఉన్నాడు. ఇలాంటి మరణాన్ని కొట్టి చంపిన మరణంతో ఒకే గాటన కట్టకూడదు. అలాగని ఆచారమని వదిలేయకూడదు. విడిగా రాయాలి: వాతలు ఉన్నాయి, ఎక్కడ, ఎన్ని, కొత్తవా పాతవా, ఎవరు పెట్టారు, బిడ్డకు అంతకుముందు ఏం జబ్బు, పీహెచ్‌సీకి ఎందుకు తీసుకెళ్లలేదు. చివరి ప్రశ్నకు జవాబు చాలాసార్లు ప్రభుత్వం వైపే వేలు చూపిస్తుంది. చూపనివ్వండి.

ఇక అసలు పుస్తకాల్లోకి రాని మరణాలున్నాయి. చూలాలిని భర్త పొట్టమీద తన్నితే బిడ్డ కడుపులోనే పోతుంది, లేదా నెలలు నిండకుండా పుట్టి రెండు రోజుల్లో పోతుంది. ఆసుపత్రి రికార్డులో తక్కువ బరువు, నెలలు తక్కువ అని రాస్తారు. అబద్ధం కాదది, కానీ సగమే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం పెళ్లయిన ఆడవాళ్లలో భర్త చేతిలో హింస పడ్డామని చెప్పినవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం, తెలంగాణలో 36.9 శాతం. వీళ్లలో గర్భిణులు లేరా? ప్రతి నెలా గర్భిణి బరువు, రక్తం, బీపీ చూసే ఏఎన్ఎం ఆమెను ఒంటరిగా పక్కకు పిలిచి ఇంట్లో కొడుతున్నారా అని ఒక్కమాట అడగడం నేర్చుకోవాలి. మదర్ కార్డులో రాయొద్దు, ఆ కార్డు భర్త చూస్తాడు. తన రిజిస్టర్లో రాసుకోవాలి.

కాన్పయిన వారాల్లో కొందరు తల్లులకు మానసిక జబ్బు వస్తుంది. నిద్రపట్టదు, బిడ్డ తనది కాదంటుంది, బిడ్డకేదో పట్టిందంటుంది, గొంతులు వినిపిస్తున్నాయంటుంది. ఊరు దయ్యమంటుంది. అలాంటి తల్లి దగ్గర బిడ్డను ఒంటరిగా వదలకూడదు, తల్లిని తిట్టనూ కూడదు. ఆమెకు వైద్యం కావాలి. టెలీమానస్ 14416కు తెలుగులో ఫోన్ చేయవచ్చు. ఈ ఒక్క విషయంలో హెచ్చరిక పోలీసులకంటే ముందు అత్తగారికి.

ఏం చూడాలో తెలిస్తే రాయడం కష్టం కాదు. 1946లో అమెరికాలో కాఫీ అనే ఎక్స్‌రే వైద్యుడు ఆరుగురు పసిపిల్లల తలలో రక్తస్రావంతో పాటు కాళ్లూ చేతుల ఎముకల్లో 23 విరుగుళ్లు చూశాడు. ఎలా విరిగాయో ఇంట్లో ఎవరూ చెప్పలేదు. 1962లో డెన్వర్‌లో హెన్రీ కెంప్, ఆయన సహచరులు 71 ఆసుపత్రుల నుంచి సమాచారం తెప్పించి, తల్లిదండ్రులో సంరక్షకులో కొట్టిన 302 మంది పిల్లల వివరాలు వేశారు. వారిలో 33 మంది చనిపోయారు, 85 మందికి మెదడు శాశ్వతంగా దెబ్బతింది. అంతదాకా వైద్యులు కూడా తల్లిదండ్రులు చెప్పిన కథే రాసేవారు. అప్పటినుంచి వచ్చిన జ్ఞానం పల్లె నర్సుకు కూడా అందేంత సులువైనది. పాకడం రాని బిడ్డ తనంతట తాను కమిలిపోడు. నాలుగేళ్లలోపు పిల్లల్లో చెవిమీద, మెడమీద, ఛాతీ పొట్టమీద కమిలిన మచ్చలుంటే అనుమానించాలి. ఆడుకుంటూ పడ్డ పిల్లాడికి దెబ్బలు మోకాళ్లకు, నుదుటికి, మోచేతులకు తగులుతాయి. రకరకాల రంగుల్లో కమిలిన మచ్చలు, కొత్త దెబ్బ పక్కన మానిన పాత దెబ్బ, మూడుసార్లు అడిగితే మూడు రకాలుగా మారిన కథ, బిడ్డ వయసుకు సాధ్యంకాని కథ... వీటిని రాసుకోవాలి. అదే సమయంలో మోసపోకూడదు. మన పిల్లల నడుం కింద పుట్టుకతో వచ్చే నీలిమచ్చ దెబ్బ కాదు. సికిల్ సెల్ ఉన్న పసిబిడ్డ చేతులూ కాళ్లూ వాస్తే కొట్టారనుకోకూడదు. ఈ జబ్బు మన్యంలో ఉంది. తేల్చేది డాక్టరు. చూసినవాళ్ల పని చూసింది చూసినట్టు, తేదీ, వేళ వేసి రాయడం వరకే. ఫోన్ ఉంటే ఒక ఫోటో తీసి పోలీసులకు మాత్రమే ఇవ్వండి. వాట్సాప్ గ్రూపులో పెట్టారో మీరే నేరం చేసినవాళ్లవుతారు. బాధిత బిడ్డ గుర్తింపు బయటపెట్టడాన్ని బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ నిషేధించింది. విలేకరులకూ ఇదే మాట.

పోస్టుమార్టమంటే కొండల్లో ఉన్న భయం గురించి అధికారులు నిజాయితీగా మాట్లాడాలి. కోస్తారన్న బాధ సగమైతే, దేహం తిరిగి ఊరికి ఎలా తెచ్చుకోవాలన్న బెంగ సగం. 2023 ఫిబ్రవరిలో విశాఖ ఆసుపత్రిలో చనిపోయిన పసికందును ముంచంగిపుట్టు మండలానికి చెందిన తల్లిదండ్రులు స్కూటరు మీద పెట్టుకుని పాడేరు దాకా తెచ్చిన వార్త రాష్ట్రమంతా చూసింది. ఆ వార్త చూసిన ఏ తండ్రి రేపు తన బిడ్డ దేహాన్ని ఆసుపత్రికి ఇస్తాడు? పిల్లల పోస్టుమార్టం అరకు, పాడేరు ఆసుపత్రుల్లోనే అదేరోజు జరగాలి. దేహాన్ని తెచ్చే బండీ, తిరిగి ఊరి చివరిదాకా దించే బండీ ప్రభుత్వమే పెట్టాలి. రోడ్డులేని చోట డోలీ మోసే నలుగురికి కూలి ఇవ్వాలి. ఇది దయాదాక్షిణ్యాల సంగతి కాదు, దర్యాప్తు ఖర్చు. పాడేరులో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది కాబట్టి ఫోరెన్సిక్ వైద్యుల కోసం ఇంకా విశాఖ వైపే చూడాల్సిన పనిలేదు. ఒకవేళ కబురు ఆలస్యమై, మట్టి చేశాకే తెలిస్తే? అప్పుడూ చేతులెత్తేయకండి. మేజిస్ట్రేట్ సమక్షంలో దేహాన్ని వెలికితీసి పరీక్షించే వీలు చట్టంలో ఉంది. కష్టమైన పని, ఊరికి నచ్చని పని. అందుకే ముందే చెప్పమంటున్నది.

పెద్దమనుషుల తగవు గురించి కూడా ఒక మాట. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గ్రామసభకు, సంప్రదాయ తగవుకు 1996 పెసా చట్టం గౌరవమిచ్చింది. భూమి, నీరు, పెళ్లి, పశువుల తగవులు పెద్దలు తీర్చుకోవచ్చు. బిడ్డ ప్రాణానికి తప్పు కట్టించి మూసేసే అధికారం ఏ పెద్దకూ ఏ పార్టీ నాయకుడికీ లేదు. దేహాన్ని మాయం చేస్తే, సాక్ష్యం చెరిపితే భారతీయ న్యాయ సంహిత 238వ సెక్షన్ కింద అదే ఒక నేరం. తెలిసీ చెప్పకపోవడం 239వ సెక్షన్ కింద ఇంకో నేరం.

చెప్పినవాళ్లకు రక్షణేది అన్న ప్రశ్న న్యాయమైనది. ఆశ కార్యకర్త అదే ఊరి కోడలు, అదే ఇంటిపేరు. ఆమె పేరుమీద ఫిర్యాదు రాయించుకుంటే మర్నాడు ఆమె కాపురం ఉండదు. కబురు ఎవరు చెప్పారన్నది స్టేషన్ గోడలు దాటకూడదు. మండలానికి ఒక ఉద్యోగి, సచివాలయంలోని మహిళా పోలీసైతే మంచిది, అందరి కబుర్లూ తన పేరుమీద తీసుకుని పై అధికారికి పంపే పద్ధతి పెడితే ఆశ భయపడదు. సిగ్నల్ లేని ఊళ్లకు 112, 1098 నంబర్లు గోడమీద రాతలే. అక్కడి నుంచి మనిషి నడిచి రావాలి, వచ్చిన మనిషి మాట ఏ వేళకైనా వినే కుర్చీ ఒకటి ఉండాలి.

కబురు చేరినా శాఖలు ఒకదానితో ఒకటి మాట్లాడకపోతే ఏమవుతుందో చూడండి. ఇంగ్లండులో 2000 ఫిబ్రవరిలో ఎనిమిదేళ్ల బాలికను బంధువైన సంరక్షకురాలు, ఆమెతో ఉన్న మగవాడు హింసించి చంపారు. ఒంటిమీద 128 గాయాలు. ఆ పాపను ఆసుపత్రులు చూశాయి, పోలీసులు చూశారు, సంక్షేమ అధికారులు చూశారు. విచారణ జరిపిన లార్డ్ లామింగ్ 2003 నివేదికలో, కాపాడేందుకు కనీసం 12 సార్లు అవకాశం వచ్చి చేజారిందని తేల్చాడు. ఎవరి ఫైలు వారి దగ్గరే ఉండిపోయింది. 2008 నుంచి అక్కడ ప్రతి పిల్లవాడి మరణాన్నీ ఒక బృందం సమీక్షించడం తప్పనిసరి చేశారు, 2019లో వాటన్నిటికీ జాతీయ డేటాబేస్ పెట్టారు. అమెరికాలో లాస్ఏంజెలెస్ కౌంటీ ఈ పని 1978లోనే మొదలుపెట్టింది. డాక్టరు, పోలీసు, సంక్షేమ శాఖ ఒకే బల్లచుట్టూ కూర్చుని ఒక్కో బిడ్డ ఫైలు విప్పడం, అంతే.

అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఆ బల్ల వేయడానికి కొత్త చట్టం అక్కర్లేదు, ఢిల్లీ అనుమతి అక్కర్లేదు. పాడేరులో కలెక్టరు ఉన్నారు, ఐటీడీఏ ఉంది, ఎస్పీ ఉన్నారు, బాలల సంక్షేమ సమితి ఉండి తీరాలని బాలల న్యాయ చట్టం చెబుతోంది. అంగన్‌వాడీ హాజరు పుస్తకంలో ఒక పేరు ఆగిపోయింది. బడి హాజరులో ఒక పేరు మీద గీత పడింది. ఆశ దగ్గర ఒక పేరుంది. పంచాయతీ మరణాల పుస్తకంలో ఆ పేరు లేదు. స్టేషన్లో అసలు లేదు. నెలకోసారి ఈ అయిదు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి, పుట్టిన దగ్గరనుంచి పద్దెనిమిదేళ్ల దాకా చనిపోయిన ప్రతి బిడ్డ పేరూ సరిచూడాలి. ఒక పుస్తకంలో ఉండి మరో దాంట్లో లేని పేరు కనిపిస్తే మూడు రోజుల్లో ఇంటికి మనిషి వెళ్లాలి. వెళ్లేవాళ్లకు ఆ ఇంటి భాష రావాలి. ఆ ఇంట్లో ఇంకా పిల్లలుంటే ముందు వాళ్లను చూడాలి. ఒక బిడ్డను కొట్టి చంపిన చేయి రెండో బిడ్డకు కూడా దగ్గరే ఉంటుంది. చచ్చినవాడి లెక్క తేల్చడంలో అత్యవసరం ఇదే. చంపినవారికీ బిడ్డకూ ఉన్న బంధుత్వం ఒక గడిగా ఆ రిజిస్టర్లో ఉండాలి. ఏడాదికోసారి పేర్లు తీసేసి అంకెల్ని జిల్లా పరిషత్ ముందు, గ్రామసభల ముందు పెట్టాలి.

కలెక్టరు సంతకం పెట్టేదాకా ఆగాల్సిన పని పాఠకుడికి లేదు. మీ గూడెంలో, మీ పాడాలో, మీ అపార్టుమెంటులో బిడ్డ ఏడుపు రోజూ వినిపిస్తుంటే 1098కు ఈరోజే చెప్పండి. బిడ్డ పోయిందని తెలిస్తే 112కు చెప్పండి, స్టేషన్‌కు మనిషిని పంపండి, డాక్టరు చూసేదాకా గుంత తవ్వనీయకండి.